పామర్రు నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ బ్యాచ్‌లోనో ఎవరో ఒకరు ఆగస్టులో అమెరికా విమానం ఎక్కే ఉంటారు. నా బ్యాచ్‌మేట్ ఒకడు అలాగే ఎక్కాడు. వాడిది పామర్రు. వెళ్లే ముందు రోజు వాళ్ల నాన్న నన్ను పక్కకు పిలిచి, "బాబూ, నువ్వు కంప్యూటర్లు చదివినోడివి కదా, మావాడు ఎన్ని గంటల్లో చేరతాడు?" అని అడిగారు. నేను ఫోన్ తీసి విజయవాడ, డాలస్ అని కొట్టి, వచ్చిన అంకె చూసి "16 గంటలు అంకుల్" అన్నాను. ధీమాగా అన్నాను కూడా.

వాడు చేరింది మూడో రోజున. యూనివర్సిటీ ఓరియంటేషన్ అప్పటికే అయిపోయింది. మధ్యలో ఇంకో టికెట్‌కి లక్షకు పైగా కట్టాల్సి వచ్చింది. నాట్ల టైమ్ అది, పొలం పెట్టుబడికని ఉంచుకున్న డబ్బులోంచి తీసి పంపారు.

ఆ 16 గంటల అంకె అబద్ధం కాదు. కానీ అది ఎవరి ప్రయాణమూ కాదు. 'దూరం' అనేదీ 'టైమ్' అనేదీ రెండూ వేర్వేరు సంగతులని నాకు అప్పుడు అర్థమైంది. మీరు ఎంఎస్‌కి వెళ్తున్నా, ఇక్కడే ఉండి అమెరికా క్లయింట్‌కి పని చేయబోతున్నా ఈ తేడా మీకు తగులుతుంది. క్యాంపస్ టెస్టులో కూడా తగులుతుంది, ఆ సంగతి చివర్లో చెప్తా.

ముందు దూరం లెక్క

దూరానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. గన్నవరం ఎయిర్‌పోర్టు 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టు 32.90 ఉత్తరం, 97.04 పడమర. ఇప్పుడు 80.80కి 97.04 కలపండి. 177.84 వస్తుంది. అంటే దాదాపు 180. మనకు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటే డాలస్ వాళ్లకు దాదాపు నడిరాత్రి అన్నమాట. భూగోళం మీద మనం ఒక పక్కన ఉంటే, వాళ్లు ఉత్తర ధ్రువానికి అవతలి పక్కన ఉన్నారు.

అలాంటప్పుడు దగ్గరి దారి తూర్పుకీ కాదు, పడమరకీ కాదు. ఉత్తరానికి! నేరుగా ధ్రువం దాకా ఎక్కి అవతల దిగడమే. గన్నవరం నుంచి ధ్రువానికి 90లోంచి 16.53 తీసేస్తే 73.47 డిగ్రీలు. ధ్రువం నుంచి డాలస్‌కి 57.10 డిగ్రీలు. మొత్తం 130.57. ఒక్కో డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. గుణిస్తే దాదాపు 14,500 కి.మీ. ట్రిగనామెట్రీతో పూర్తి లెక్క వేసినా 14,514 వస్తుంది. సైన్‌లూ కాస్‌లూ లేకుండానే ఎంత దగ్గరకు వచ్చామో చూడండి.

అదే గోడ మీది ప్రపంచ పటం తీసుకుని, స్కేలు పెట్టి విజయవాడ నుంచి డాలస్‌కి గీత గీస్తే ఆ దారి దాదాపు 18,000 కి.మీ. అవుతుంది. మూడున్నర వేలు ఎక్కువ. గుండ్రంగా ఉన్నదాన్ని బల్లపరుపుగా పరిచినప్పుడు వచ్చే తంటా అది. విమానం మ్యాప్‌లో ఎందుకు వంకరగా పోతోందని అడిగే వాళ్లకు ఇదే జవాబు. వంకర మ్యాప్‌ది, విమానానిది కాదు.

ధ్రువం మీదుగా ఎవరైనా వెళ్తారా అని అనుమానం రావచ్చు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి నాన్‌స్టాప్ మొదలుపెట్టినప్పుడు ఆ తొలి విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. నడిపింది మొత్తం మహిళా పైలట్లు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించారు. ఆ బృందంలో కెప్టెన్ పాపగారి తన్మయి అనే మన తెలుగు పేరు కూడా ఉంది.

మరి టైమ్ ఎక్కడ పోతోంది?

14,500ని గంటకు 900 కి.మీ. వేగంతో భాగిస్తే 16 గంటలు. నేను అంకుల్‌కి చెప్పిన అంకె ఇదే. కాకపోతే అలాంటి విమానం లేదు.

ఉన్న దారి చూద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 2,550 కి.మీ., దుబాయ్ నుంచి డాలస్ దాదాపు 12,900. కలిపితే 15,450. హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా లెక్కేస్తే 14,400. అంటే దుబాయ్‌లో దిగినందుకు అదనంగా పడింది వెయ్యి కిలోమీటర్లే, ఏడు శాతం. లండన్ మీదుగా వెళ్లినా దాదాపు అంతే. చాలామంది 'చుట్టూ తిప్పి తీసుకెళ్తారు' అంటారు గానీ, దూరం పరంగా గల్ఫ్ దారి పెద్ద చుట్టేం కాదు.

ఇప్పుడు పామర్రు నుంచి మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:30కి విమానం అనుకుందాం. మచిలీపట్నం నుంచి పామర్రు, విజయవాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు హైవేనే దారి. శంషాబాద్ దాకా దాదాపు 330 కిలోమీటర్లు. ముందు రోజు మధ్యాహ్నం 3 గంటలకు కారెక్కితే, మధ్యలో భోజనం, టోల్‌గేట్లు, ఔటర్ రింగ్ రోడ్డు అన్నీ అయ్యేసరికి రాత్రి 11. (పండక్కి వెళ్తున్నారా? పంతంగి టోల్‌గేట్ దగ్గర ఎంతసేపు నిలబడతారో మీ అదృష్టం.) అక్కడ బ్యాగులు, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ. విమానం లేచేసరికి ఇంటి గడప దాటి పదమూడున్నర గంటలు. ఇంకా దేశం దాటలేదు.

అక్కడి నుంచి దుబాయ్ దాకా నాలుగు గంటలు, రెండున్నర గంటలు ఆగడం, మళ్లీ 16 గంటలు. మొత్తం ఇరవై రెండున్నర. ఇంటి నుంచి లెక్కేస్తే 36 గంటలు. ఈ 36లో మొదటి పదమూడున్నర గంటల్లో మీరు కదిలింది మొత్తం దూరంలో రెండు శాతం. మూడో వంతుకు పైగా టైమ్ ఆ రెండు శాతానికే పోయింది.

మా వాడి కథ చెడింది కూడా ఆ రెండు శాతంలోనే. రోడ్డు మీద ఎందుకు కష్టపడాలని, గన్నవరం నుంచి హైదరాబాద్‌కి విడిగా ఒక టికెట్ కొన్నాడు. సాయంత్రం వాన. ఆ చిన్న విమానం గంటలకు గంటలు లేటు. శంషాబాద్‌లో దిగి, బ్యాగులు తీసుకుని, పై అంతస్తుకి పరిగెత్తేసరికి కౌంటర్ మూసేశారు. అవతలి సంస్థ వాళ్లు "మీ రెండు టికెట్లకీ సంబంధం లేదు" అన్నారు. నిజమే, లేదు. మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో, ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, మొదటి విమానం లేటై రెండోది తప్పినప్పుడు తర్వాతి దాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థది. రెండు విడి టికెట్లయితే ఆ బాధ్యత మీది, మీ నాన్నది. రెండు మూడు వేలు తగ్గుతుందని విడి టికెట్లు కొనే ముందు ఇది గుర్తుంచుకోండి. తప్పదనుకుంటే ముందు రోజే హైదరాబాద్ చేరి, ఏ ఫ్రెండ్ రూమ్‌లోనో పడుకోండి.

ఇంకో దారి ఉంది. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి షికాగో, షికాగో నుంచి డాలస్. ఢిల్లీకి 1,390, షికాగోకి 12,020, డాలస్‌కి 1,290. మొత్తం 14,700 కి.మీ. నేరు దూరం కంటే రెండు వందలు కూడా ఎక్కువ లేదు. కిలోమీటర్లలో చూస్తే ఇంతకంటే తిన్నని దారి మనకు దొరకదు. గంటల్లో మాత్రం ఇదే ముందుంటుందని నమ్మకం లేదు. మూడు విమానాలు, రెండు చోట్ల దిగడం. పైగా అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్. షికాగోలోనే వరుసలో నిలబడి, చెక్ఇన్ బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బ్యాగులు అప్పజెప్పి డాలస్ విమానం పట్టుకోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు గంటన్నర కనెక్షన్ ఇచ్చే టికెట్ చవగ్గా కనబడితే, ఎందుకు చవకో ఆలోచించండి. నా లెక్కలో మూడు గంటలు కనీసం. అబుదాబిలో మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోయే ఏర్పాటు 2014 నుంచీ ఉంది. అలా వచ్చినవాళ్లు అమెరికాలో లోకల్ ప్రయాణికుల్లా బయటకు నడిచొచ్చేస్తారు.

గాలిలో గీతలు

భూమి పెద్దది కాలేదు, విమానాల వేగం తగ్గలేదు. అయినా గత కొన్నేళ్లలో మన దేశం నుంచి అమెరికా ప్రయాణాలు కొన్ని సాగిపోయాయి. కారణం ఆకాశంలో కాదు, నేల మీదుంది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడింది. మనం ఇందాక గీసిన గీత ధ్రువానికి వెళ్లేది రష్యా మీదుగానే. దాంతో శాన్‌ఫ్రాన్సిస్కో - ఢిల్లీ విమానాన్ని యునైటెడ్ ఆపేసింది. సియాటెల్ నుంచి బెంగళూరుకి అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రకటించిన సర్వీసు అసలు మొదలే కాలేదు. ఎయిర్ ఇండియాకు ఆ నిషేధం లేదు. అలా వెళ్తూనే 2023 జూన్‌లో ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఒకటి ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన మగడాన్ అనే ఊళ్లో దిగింది. 216 మంది ప్రయాణికులు. వాళ్లకోసం ముంబై నుంచి ఇంకో విమానం పంపాల్సి వచ్చింది. దగ్గరి దారి ఎవరూ లేని చోట్ల మీదుగా పోతుందని అప్పుడు అందరికీ తెలిసింది.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకు లేచే విమానాలన్నీ కిందకు దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టి వెళ్లాల్సి వచ్చింది. అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నాలోనో, కోపెన్‌హేగన్‌లోనో ఆగి ఇంధనం పోయించుకున్నాయి. తిన్నని దారి అన్నానే, ఆ ఢిల్లీ దారి ఇలా వంగింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లేవాళ్లకు ఈ దెబ్బ పడలేదు, వాళ్ల దారి ఎప్పుడూ సముద్రం మీదే.

అలాగని గల్ఫ్ దారి నిశ్చింత అనుకోకండి. అదే ఏడాది జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు దోహా గగనతలం కొన్ని గంటలు మూసేశారు. గాలిలో ఉన్న విమానాలను దారి మళ్లించారు. కొన్ని గంటల మూతకి రోజుల తరబడి కనెక్షన్లు తారుమారయ్యాయి.

అందుకే టికెట్ తేదీ నిర్ణయించుకునేటప్పుడు ఐ-20 మీద ఉన్న తేదీకి ముందు రోజు దిగేలా కొనకండి. ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచీ ఎఫ్-1 మీద లోపలికి రానిస్తారు. వారం, పది రోజులు ముందే వెళ్లే వీలున్నప్పుడు ఆ వీలు వాడుకోవాలి. గది అద్దె వారం ఎక్కువ పడుతుంది, అంతే కదా.

రన్‌వే ఉంది కదా, మరి?

గన్నవరం రన్‌వేని 3,360 మీటర్లకు పెంచారు. పెద్ద విమానాలు దిగొచ్చు. అయినా అమెరికా విమానం రాలేదేమని మన వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు.

విమానానికి అంత దూరం ఎగిరే శక్తి లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కి.మీ. పైన, రోజూ నాన్‌స్టాప్ నడుస్తోంది. మన డాలస్ కంటే దూరం. కష్టం ఖర్చులో ఉంది. దూరం పెరిగేకొద్దీ ఇంధనాన్ని మోయడానికే ఇంధనం కాలుతుంది. అంత ఖర్చు రాబట్టాలంటే ఎకానమీ సీట్లతో కాదు, ఎక్కువ డబ్బిచ్చి బిజినెస్ క్లాసులో కూర్చునేవాళ్లు రోజూ కావాలి. మనం ఆగస్టులో, జనవరిలో గుంపుగా వెళ్తాం, మిగతా నెలల్లో వెళ్లం. హైదరాబాద్‌కే ఇది నిలబడలేదు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ - షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, వారానికి ఒక్కటి. అదీ ఎంతో కాలం నడవలేదు.

విదేశీ సంస్థలు రావాలంటే ఇంకో గేటు ఉంది. రెండు దేశాల ఒప్పందంలో ఏ ఊళ్లకు, వారానికి ఎన్ని సీట్లు అని రాసి ఉంటుంది. దుబాయ్ విషయంలో 2014లో ఆ లెక్క దాదాపు 66 వేల సీట్ల దగ్గర ఆగిపోయింది. రన్‌వే ఎంత పొడుగున్నా ఆ కాగితం దాటి దిగలేరు.

మన సింగపూర్ సర్వీసు కథ దీనికి మంచి ఉదాహరణ. 2018 డిసెంబర్ 4న గన్నవరం నుంచి ఇండిగో మొదలుపెట్టింది. సీట్లు నిండకపోతే ఆ లోటు రాష్ట్ర ప్రభుత్వం భరించే పద్ధతి. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది, సాయం ఆగింది, విమానమూ ఆగింది. 2022 అక్టోబర్ చివర్లో షార్జాకి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వచ్చింది. 2025 నవంబర్‌లో సింగపూర్ మళ్లీ మొదలైంది. ఉద్యోగానికి సింగపూర్, మలేసియా, ఆస్ట్రేలియా వైపు చూసేవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చేది. అమెరికాకు ఇదే దగ్గరి దారి అని ఎవరైనా చెప్తే మాత్రం లెక్క అడగండి. గన్నవరం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,520 కి.మీ. సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,580. మూడు వేల కిలోమీటర్లు వెళ్లి సింగపూర్‌లో దిగినా, అమెరికాకు ఒక్క కిలోమీటరు కూడా దగ్గరవ్వరు. అయినా హైదరాబాద్ రోడ్డు తప్పుతుంది, ఒకే బుకింగ్ దొరకొచ్చు. ఆ సుఖం కోసం వెళ్తే తప్పులేదు, దూరం తగ్గిందని మాత్రం వెళ్లకండి.

ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న

రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి దూరం కనుక్కునే ప్రోగ్రాం రాయమనడం కోడింగ్ రౌండ్లలో మామూలే. హావర్‌సైన్ ఫార్ములా అందరూ బట్టీ పడతారు. తప్పులు రెండు చోట్ల చేస్తారు. ఒకటి, డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మర్చిపోతారు. రెండోది, పడమర రేఖాంశానికి మైనస్ పెట్టరు. ఆ ఒక్క మైనస్ పోతే డాలస్ వెళ్లి టిబెట్ పీఠభూమి మీద కూర్చుంటుంది, దూరం 2,440 కి.మీ. వస్తుంది. కోడ్ ఎర్రర్ ఇవ్వదు, హాయిగా నడుస్తుంది. అంకె చూడగానే 'ఇదేంటి, ఢిల్లీకి రెండింతలు కూడా లేదే' అనిపించాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది ఫార్ములా కంటే ఆ అనుమానాన్నే. అందుకే ఇందాకటి 'ధ్రువం దాకా ఎక్కి దిగే' చేతిలెక్క గుర్తుపెట్టుకోమంటాను.

టైమ్ విషయంలో తప్పు ఇంకా సులువు. మనకూ డాలస్‌కీ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగతా రోజుల్లో పదకొండున్నర. డాలస్ క్లయింట్ ఉదయం 10 గంటల మీటింగ్ వేసవిలో మీకు రాత్రి 8:30కి, నవంబర్ నుంచి 9:30కి. ఆఫర్ లెటర్‌లో 'జనరల్ షిఫ్ట్' అని ఉన్నా, క్లయింట్ ఏ ఊరని చేరకముందే అడగండి. లండన్ అయితే మధ్యాహ్నం షిఫ్టు, డాలస్ అయితే రాత్రి భోజనం టైమ్ మీది కాదు. ప్రోగ్రాం రాసేటప్పుడు కూడా 'మైనస్ పదిన్నర' అని చేత్తో కొట్టకండి. టైమ్ మొత్తం యూటీసీలో దాచి, చూపించేటప్పుడు మాత్రమే ఆ ఊరి టైమ్‌జోన్‌లోకి మార్చాలి. డాలస్ పేరుతో టైమ్‌జోన్ వెతికితే దొరకదు, షికాగో పేరు మీద ఉంటుంది.

టికెట్ మీద '4:30 ఏఎం - 4:30 పీఎం, అదే రోజు' అని చూసి 12 గంటలే అనుకున్నవాళ్లను నేను చూశాను. ఆగస్టులో అయితే దానికి పదిన్నర కలపాలి, ఇరవై రెండున్నర. ఆప్టిట్యూడ్ పేపర్లలో ఇదే ప్రశ్నను తిరగేసి ఇస్తారు. మీరూ ఒకటి వేయండి: మా వాడు సంక్రాంతికి ముందే ఇంటికొస్తున్నాడు. డిసెంబర్ 20 మధ్యాహ్నం 1 గంటకు డాలస్‌లో ఎక్కి, డిసెంబర్ 21 రాత్రి 10:30కి హైదరాబాద్‌లో దిగుతాడు. ఎన్ని గంటలు? మీకు 22 రావాలి. 23 వచ్చిందంటే డిసెంబర్‌లో పదిన్నర వాడారని అర్థం. ఈసారి వాళ్ల నాన్నకి నేను ఆ 22 చెప్పలేదు. శంషాబాద్ నుంచి పామర్రు దాకా రాత్రి రోడ్డు కూడా కలిపి, 22వ తేదీ ఉదయం టిఫిన్ టైమ్‌కి అన్నాను.